మక్కల మానెడు, గోధుమల మానెడు

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు కేకు చేస్తానని వంటింట్లో కూర్చుంది. నేను పక్కన పాలు కాచుకుంటూ ఆమె చేసేది చూస్తున్నాను. "అమ్మమ్మా, ఒక కప్పు మైదా ఎన్ని గ్రాములు ఉంటది?" అని అడిగింది. "గ్రాములెందుకే, కప్పంటే కప్పే కదా" అన్నాను. నవ్వింది. "కప్పు కప్పే కాదు అమ్మమ్మా. మైదా కప్పు బరువు వేరు, చక్కెర కప్పు బరువు వేరు, వెన్నది ఇంకా వేరు. ఉండు, నీకే చూపిస్తా" అని అరచెయ్యంత తూకం పలక ఒకటి ముందు పెట్టి, ఒకే కప్పుతో ముందు మైదా, తర్వాత చక్కెర పోసి చూపించింది. పలక మీద అంకెలు మారాయి. అంతే, మళ్లీ తన పనిలో పడిపోయింది. నేను మాత్రం పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చూడకుండా నిలబడిపోయాను. కప్పు కప్పే కాదు. ఈ ఒక్క మాటను మా బాపు ఒక ఎండాకాలమంతా ఊరికి చెప్పి చూశాడు. చావడిలో చెప్పాడు, అంగడి ముందు చెప్పాడు, కాళ్లు పట్టుకున్నంత పని చేసి చెప్పాడు. ఒక్కరికీ ఎక్కలేదు.

మాది కొల్లాపూర్ నుంచి పొద్దున్నే బండి కడితే మధ్యాహ్నానికి చేరే ఊరు. ఎర్ర చెలకలు, రాళ్ల గుట్టలు, బావి నీళ్లను నమ్ముకున్న సేద్యం. ఇంట్లో బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, నేను, నా తర్వాత పుట్టిన తమ్ముళ్లు. ఆడపిల్లను పొరుగూరి బడికి పంపే ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. బాపు తెల్లారగట్ల ఎడ్లకు మేత వేసి, కాళ్లు కడుక్కుని వచ్చి నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకునేవాడు. పలక మీద అక్షరాలు, ఆ తర్వాత ఎక్కాలు. తప్పు చెప్తే కొట్టేవాడు కాదు, పలక తుడిచి మళ్లీ నా చేతికిచ్చేవాడు. ఆయన ఒంటి నుంచి పచ్చిగడ్డి వాసన, ఎడ్ల వాసన వచ్చేవి. ఇప్పటికీ పుస్తకం తెరిస్తే నాకు ఆ వాసనే ముందు గుర్తుకొస్తుంది. బడి ముఖం చూడని నాకు భగవంతుడు చదువును తండ్రి చేతుల మీదుగా ఇప్పించాడు. అందుకు రోజూ దీపం పెట్టేటప్పుడు ఒక్కసారైనా మనసులో దండం పెట్టుకుంటాను.

మా ఇంట్లో కొలత అంతా అవ్వది. ఆమెకు అత్త చేతి నుంచి వచ్చిన ఇత్తడి మానిక ఒకటి ఉండేది. మానెడు బియ్యం, మానెడు జొన్నలు అంటే దాంతో కొలిచినవే. స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం పెట్టి, చింతపండు పులుసుతో తోమిన మానిక అంచుకు ఇంత పసుపు రాసి, అప్పుడు గింజలు దాచిన గుమ్మి మూత తీసేది. మూత తీయగానే వేపాకు, బూడిద, ఎండుజొన్నల దుమ్ము కలిసిన వాసన గుప్పున వచ్చేది. మొదటి మానికను ఆమె ఎప్పుడూ ఒకటి అనలేదు. "లాభం" అనేది. ఆ తర్వాతే రెండు, మూడు. మానిక మీద గింజలు గోపురంలా లేవాలి, ఇంకొక్క గింజ వేస్తే జారిపోవాలి. అంచు దాకా పోసి అరచేత్తో చదును చేస్తే ఆమెకు కోపం వచ్చేది. "లచ్చిమిని చేత్తోని నూకుతవా పిల్లా?" అని నన్ను కసిరేది. కొలిచినంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ అటూ ఇటూ నడవకూడదు. అమ్మ కూడా కొంగు కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడేది.

తూకం అనేది మా ఇంటికి బయటిది. పత్తి, బెల్లం, చింతపండు, గొర్రె బొచ్చు లాంటివి అంగట్లో తరాజులో వేసేవారు. గింజలను తూకం వేయడం అంటే అవ్వకు పసిపిల్లను తూకం వేసినట్టే ఉండేది. జొన్నలు, సజ్జలు, పెసలు, నువ్వులు, ఉప్పు కూడా, అన్నీ అదే మానికతో. ఉప్పు గంపతో వచ్చే మనిషికి మానెడు జొన్నలు పోస్తే మానెడు ఉప్పు పోసి పోయేవాడు. ఆ ఉప్పు జొన్నలకంటే బరువని ఎత్తుకున్న చేతికి తెలిసే ఉండాలి. కానీ ఆ తెలివి చేతిలోనే ఉండిపోయేది, మాటగా బయటికి వచ్చేది కాదు. మానిక అంటే మానికే. అందులో ఏది పోసినా ఒకటే. పుట్టి పెరిగిన దగ్గర నుంచి అందరూ అట్లాగే ఇచ్చి పుచ్చుకున్నారు, అట్లాగే ఒకరినొకరు నమ్ముకున్నారు.

ఆ తర్వాత వరుసగా వానలు తప్పాయి. బావుల్లో బురద కూడా ఎండింది. ముందు పశువులు, ఆ వెనక గొర్రెలు పోయాయి. మా ఊరి చివర గొర్రెల కాపరుల గుడిసెలు ఉండేవి. పొద్దున పోతే అటువైపు నుంచి ఒక్క గొర్రె అరుపు కూడా వినిపించని రోజు వచ్చింది. అప్పుడు తాలూకా నుంచి కరువు గింజలు పంపడం మొదలుపెట్టారు. బస్తాలు బండ్ల మీద వచ్చేవి, వాటి మీద కొత్తగా వచ్చిన కిలోల అంకె నల్లగా అచ్చువేసి ఉండేది. ఊళ్లో పంచడానికి ఒక నమ్మకమైన మనిషి కావాలన్నారు. అందరూ బాపు పేరే చెప్పారు. అప్పటికి మాకున్న చెలకలు బీడు పడ్డాయి, ఎడ్లలో ఒకటి పోయింది. బాపుకు మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే. అవ్వ మానికనే చావడికి తీసుకుపోయారు, ఎందుకంటే ఊళ్లో అందరూ ఒప్పుకునే కొలత అది.

మొదట వచ్చినవి మక్కలు, అంటే మొక్కజొన్నలు. బాపు బస్తా విప్పి, "లాభం" అని మొదటి మానిక పోసేవాడు. ఇంటికింత అని తీర్మానం. గోపురం లేచేలా పోసేవాడు, తల్లి నేర్పిన చెయ్యి కదా. నేను అవ్వ పక్కన కూర్చుని మానికకు కాపలా. అందరికంటే చివర బీరమ్మ వచ్చేది. ఆమె గొర్రెల కాపరుల గుడిసెల మనిషి, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది, గొంతు మాత్రం పెద్దది. మిగిలిన రెండు మేకలను నీళ్ల కోసం ఎక్కడికో తోలుకుపోయి వచ్చేసరికి వరుస అంతా అయిపోయేది. ఇంట్లో బాలింత అయిన కూతురు ఉంది. "ఏమే బీరమ్మా, ఒక్కనాడన్న ముంగట రావా?" అని బాపు అంటే, "దేవుడు అందరి నొసళ్లు రాసినంక నా నొసలు రాసిండు పటేలా, నేన్ ముంగటెట్ల వస్త?" అని కొంగు పట్టేది. ఎవరికీ తక్కువ కాలేదు. బస్తా అడుగున గుప్పెడు మిగిలితే ఆ గుప్పెడు కూడా బీరమ్మ కొంగులోనే పడేది. వారం వారం అట్లాగే నడిచింది. ఊరంతా ఇండ్లలో మక్కల గటక ఉడుకుతున్న వాసన. బాపును చూస్తే జనం చేతులెత్తి దండం పెట్టేవారు. ఆయన సిగ్గుపడి తల వంచుకునేవాడు.

ఒక వారం మక్కల బదులు గోధుమలు వచ్చాయి. బస్తాలు అన్నే, వాటి మీది అంకె అదే. మా వైపు గోధుమలు తిన్నవాళ్లు తక్కువ. "గివేంది, ఎర్రగున్నయి?" అని ఒకరు, "ఉడకపెట్టుకోవాల్నా, ఇసుర్కోవాల్నా?" అని ఒకరు, నవ్వుకుంటూనే కొంగులు పట్టారు. బాపు ఎప్పటిలాగే లాభం అని మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే గోపురం లేపాడు. సగం మంది పోయాక ఆయన చెయ్యి కాస్త నెమ్మదించడం నేను చూశాను. బస్తా లోపలికి ఒకసారి, వరుస చివరికి ఒకసారి చూశాడు. మొదటివాళ్లకు నిండుగా పోసి తర్వాతివాళ్లకు తగ్గించడం ఆయనకు చేతకాలేదు. పోస్తూనే పోయాడు. చివరి బస్తా దులిపేసరికి గొర్రెల కాపరుల గుడిసెలవాళ్లంతా ఇంకా నిలబడే ఉన్నారు. వాళ్ల వెనక బీరమ్మ.

"అయిపోయినయి" అన్నాడు బాపు. ఆ మాట తనకే అర్థం కానట్టు అన్నాడు.

"అయిపోవుడేంది పటేలా?" అంది బీరమ్మ. కోపం లేదు, నిజంగానే అడిగింది. "పోయిన వారం గిన్నే బస్తాలు, గీ మందే ఉంటిమి. గీ మానికే ఉండె."

"అదే నాకు సమజ్ అయితలేదు బీరమ్మా."

ఆమె బస్తా దగ్గరికి వచ్చి, తానే తిరగేసి దులిపింది. దుమ్ము పడింది. ఖాళీ కొంగును మళ్లీ నడుముకు చెక్కుకుంది. పక్కన నిలబడ్డ ముసలాయన, మా ఇంటి పక్కనే ఉండే లచ్చుమయ్య తాత, తన వంతు మూట చంకలో పెట్టుకునే ఉన్నాడు, వెనక్కి తిరిగి అన్నాడు. "మక్కలైతే అందరికి అందినయి. గోధుమలైతే అందలే. గోధుమలు ఇంటికాడ దాపెట్టుకునేటియి గదా, పురుగువట్టయి." ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు విన్నప్పుడు బాపు ముఖం ఎట్లా మారిందో నాకు చెప్పడం రాదు. కొట్టినా అట్లా మారేది కాదు.

ఇంటికి వచ్చి ఆయన నేరుగా గుమ్మి మూత తీశాడు. మాకు మిగిలిన జొన్నలు అడుగున ఉన్నాయి. అమ్మ అడ్డం వచ్చింది. "పిల్లలకేం పెట్టాలె? నువ్ దాపెట్టలే, నేన్ దాపెట్టలే, మనమెందుకు పొయ్యాలె?" బాపు మూత పక్కన పెట్టాడు. "ఆళ్ల వంతు ఎటో పోయింది. ఎటువోయిందో నాకు తెలిసిందాక నేనే పెట్టాలె. గా ఇంట్ల బాలింత ఉన్నది" అన్నాడు. అవ్వ మానిక తెచ్చి ఇచ్చింది. ఆ పొద్దు గూకకముందే కుండ నెత్తిన పెట్టుకుని బాపు గుడిసె గుడిసెకు తిరిగి జొన్నలు పోసి వచ్చాడు. బీరమ్మ గుడిసె ముందు నేనూ ఉన్నాను. ఆమె కొంగు పట్టింది, బాపు ముఖంలోకి తేరిపార చూసింది. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. ఆ తర్వాత మా ఇంట్లో చాలా రోజులు పలుచటి అంబలే. అయినా చెప్పాలి, మాలో ఎవరికీ జ్వరం కూడా రాలేదు. ఆ లచ్చిమి తల్లే అట్లా కాపాడింది.

మరునాడు లచ్చుమయ్య తాత మాట బావి దగ్గర అమ్మకు చేరింది. "తినకపోతే ఎందుకు కక్కుతడు?" అన్నాడట. ఊరంతా ఆ మాటే పట్టుకుంది. తప్పు చేయని మనిషి తన ఇంటి గింజలు ఎందుకు తెచ్చి పోస్తాడు? ఆలోచిస్తే వాళ్లను తప్పుపట్టలేను. కరువులో ఎవరైనా ఇంటి గింజలు ఊరికే బయటికి తీస్తారా?

బాపు రెండు మూడు రోజులు పలక పట్టుకుని అరుగు మీదనే ఉన్నాడు. నా ఎక్కాలు ఆగిపోయాయి. ఒక పొద్దున విత్తనానికి దాచిన మక్కలు, తన వంతుకు వచ్చిన గోధుమలు రెండు చేతుల్లోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి నన్ను పిలిచాడు. "పెద్ద రాళ్లు ఒక గంపల పోసి, సన్నటి మొరం ఒక గంపల పోస్తే ఏది బరువుంటది బిడ్డా?" అన్నాడు. "మొరందే" అన్నాను, ఎందుకంటే అరుగు కట్టేటప్పుడు రాళ్లూ, ఆ గులకమట్టీ రెండూ మోసినదాన్నే. "ఎందుకు?" "రాళ్ల నడుమ సందులుంటయి." బాపు నన్ను చూసి నవ్వాడు. ఆ కరువులో ఆయన నవ్వడం అదే నాకు గుర్తున్నది. మక్క గింజ పెద్దది, మానికలో గింజకూ గింజకూ నడుమ గాలి ఉంటుంది. గోధుమ గింజ చిన్నది, సందు లేకుండా కూర్చుంటుంది. బస్తాలు తూకానివి, రెంటిదీ ఒకటే బరువు. మానెడు గోధుమల్లో మానెడు మక్కలకంటే గుప్పెడు బరువు ఎక్కువ పోతుంది. ఆ గుప్పెడు చొప్పున ముందువాళ్లందరి కొంగుల్లోకి పోయింది, చివరివాళ్ల వంతు అదే. పలక మీద లెక్క వేసి చూపించాడు. నాకు అర్థమైంది. లెక్క అంత తేటగా, అంత అందంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ లెక్క పట్టుకుని ఎంత సంబరంగా చావడికి పోయాడో. వాళ్లకు ఇదే చెప్పాడు. రాళ్లు, మొరం, గాలి. అందరూ విన్నారు. అప్పుడు లచ్చుమయ్య తాత అడిగాడు. "అంటే ఏందన్నట్టు పటేలా? మా గోధుమలు గాలి తిన్నదంటవా?" చావడి అంతా గొల్లుమంది. ఆ మాట ఊళ్లో నిలిచిపోయింది. పిల్లలు కూడా ఏ వస్తువైనా పోతే "గాలి తిన్నది" అని నవ్వేవారు. బాపు మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాడు. ఒక పెద్దమనిషి జాలిగా అడ్డుకున్నాడు. "గుప్పెడు తేడా అంటున్నవు. గుప్పెడు తేడాకు ఒక వాడకు వాడ ఎట్ల ఎండుతది? జర నువ్వే సోంచాయించు." ఒక్క గుప్పెడు ఎంతమంది దగ్గర ఎంతవుతుందో బాపు నేల మీద పుల్లతో గీసి చూపించాడు. ఆ గీతల వైపు ఎవరూ వంగి చూడలేదు. నేను చూశాను. నాకు తెలుసు. కానీ చావడిలో ఆడపిల్ల నోరు తెరిచే రివాజు లేదు, తెరిచినా నేను ఆయన బిడ్డనే.

చివరికి తూకం వేసి చూపిస్తానని అందరినీ కిరాణం శేటు అంగడి ముందుకు తీసుకుపోయాడు. అవ్వ ఆ రోజు మానిక ఇవ్వడానికి ఏడ్చింది, గింజలను తరాజుకు ఎక్కించడం ఆమె వల్ల కాలేదు, అయినా కొడుకు కోసం ఇచ్చింది. ఒక పళ్లెంలో మానెడు మక్కలు, ఒక పళ్లెంలో మానెడు గోధుమలు. గోధుమల పళ్లెం కిందికి దిగింది. అందరూ చూశారు. బాపు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, ఇంకేం చెప్పాలి అన్నట్టు. శేటు పళ్లెం వైపు చూసి, తన గల్లాపెట్టె దగ్గరికి పోయి కూర్చున్నాడు. అప్పుడు లచ్చుమయ్య తాత మక్కలు చేతిలోకి తీసుకుని, "ఊర్ల ఎవని ఇంట్ల మక్క గింజ లేదు. నీ ఇంట్ల ఇన్ని మక్కలు ఎట్లున్నయి పటేలా?" అన్నాడు. అవి బాపు తన బావి దగ్గర పండించి విత్తనానికి దాచినవని చెప్పాడు. అప్పటికే జనం తల తిప్పుకుని పోతున్నారు. తరాజు పళ్లెం కిందికి దిగే ఉంది. దాన్ని చూసేవాళ్లు లేరు.

తర్వాతి వారం మళ్లీ గోధుమలే వచ్చాయి. ఈసారి పంచడం లచ్చుమయ్య తాతకు, ఇంకో ఇద్దరికి అప్పజెప్పారు. బాపు మమ్మల్ని పోవద్దని అనలేదు, అవ్వా నేనూ పోయాం. తమకు కూడా తక్కువ పడుతుందేమో, తమ మీద మాట వస్తుందేమో అని పంచేవాళ్లకు లోపల భయం. లచ్చుమయ్య తాత మానిక అంచు దాకా పోసి, అరచేత్తో చదును చేసి, అప్పుడు కొంగులో పోశాడు. ప్రతి మానికా అంతే. గోపురం లేదు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోధుమలు అందరికీ అందాయి. గుడిసెలవాళ్లకు అందాయి, బీరమ్మకు అందాయి, కొంచెం మిగిలాయి కూడా. "సూసిన్రా? గవే బస్తాలు, గవే గోధుమలు. అందరికి అందినయా లేదా?" అన్నాడు తాత. అందాయి.

అవ్వ ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది. "చేత్తోని తుడిచి పోసిండు కొడుకా. నువ్వు కుప్పవోసినవు, ఆడు తుడిచిండు, గంతే. పోయి చెప్పు, నేన్ చూసిన అని చెప్పు" అంది. బాపు ఎడ్ల కొట్టంలో మిగిలిన ఒక్క ఎద్దుకు ఎండుచొప్ప వేస్తున్నాడు. చేయి ఆపలేదు. "బీరమ్మకు అందిందా?" అని అడిగాడు. "అందింది" అన్నాను నేను. "బాలింత ఇల్లు. అందింది గద, గది చాలు" అన్నాడు. ఇక ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. తరువాత ఎన్ని వానలు పడ్డా, ఊరు మళ్లీ పచ్చబడ్డా, ఏ పంచాయితీకి పిలిచినా ఆయన పోలేదు. పెండ్లిలో వంట సరుకు కొలవమని పిలిచినా "వేరేటోళ్లను చూసుకోండ్రి" అనేవాడు. నా ఎక్కాలు మాత్రం పూర్తి చేయించాడు.

నేను నల్లగొండ వైపు ఒక ఇంటికి కోడలినై వచ్చాను. ఇప్పుడు మా వంటింట్లో అన్నీ తూకం చేసి మూతి అంటించిన పొట్లాలే. పొట్లం మీద అంకె ఉంటుంది, ఆ అంకెను ఎవరూ అనుమానించరు. ఆ రోజుల్లో అంకెను ఎవరూ నమ్మేవారు కాదు, మనిషిని నమ్మేవారు, ఆ నమ్మకం పోతే అంకె ఏదీ దాన్ని వెనక్కి తేలేకపోయేది. ఏది మంచిదని నన్ను అడిగితే చెప్పలేను. అప్పుడు కొంగులో పడే గోపురపు మానెడులో ఒక నిండుదనం ఉండేది, ఇప్పటి పొట్లంలో అది లేదు. కానీ ఇప్పటి పొట్లం బీరమ్మ దగ్గరికి వచ్చేసరికి తరిగిపోయేది కాదు. ఇది కూడా నిజమే. పూజలో కూర్చున్నప్పుడు రెంటికీ దండం పెట్టుకుంటాను, ఇంకేం చేయగలను.

బాపు పోయాడని కబురు వస్తే నేను ఊరికి పోయాను. అప్పటికి అవ్వ లేదు, లచ్చుమయ్య తాత లేడు. బాపును వాకిట్లో పడుకోబెట్టారు. ఊరు వచ్చింది, వచ్చినవాళ్లు మంచి మాటలే అన్నారు. అప్పుడు బీరమ్మ వచ్చింది. నడుము వంగిపోయి, కర్ర పట్టుకుని, చంకలో కొత్త గొంగడి ఒకటి మడత పెట్టుకుని వచ్చింది. తన చేతులతో వడికిన బొచ్చుతో నేయించిన గొంగడి. దాన్ని విప్పి, బాపు మీద కప్పి, అంచులు సర్దింది, చలి పెడుతుందేమో అన్నట్టు. తర్వాత నా పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుంది.

"నీకొక్క మాట చెప్పాలె బిడ్డా, ఏమనుకోకు" అంది. "గా కరువుల మీ నాయిన గోధుమలు తీసిండని ఊరంత అన్నది. అబద్ధమెందుకు, నేన్ గూడ గట్లనే అనుకున్న. గని ఏనాడు తిట్టలే. ఇంట్ల సన్నపిల్లలుంటిరి మీరు. కడుపు కాలితే ఎవలైనా తీస్తరు. తీసినోళ్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. మల్ల కుండ నెత్తిన వెట్టుకొని నా గుడిసె ముంగట తెచ్చి పోసినోడు గీయనొక్కడే. గా జొన్నల అంబలి తాగితేనే నా బిడ్డకు పాలు పడ్డయి, నా మనుమడు బతికిండు. నేన్ ఎప్పుడో మాఫ్ చేసిన. దేవుడు గూడ చేస్తడు. నువ్ ఫికర్ పెట్టుకోకు."

నా గొంతులోకి అంతా ఒక్కసారిగా వచ్చింది. మక్కలు, గోధుమలు, గింజల నడుమ గాలి, గుప్పెడు తేడా, అరచేత్తో తుడిచిన మానిక, పలక మీద తేటగా కనిపించిన ఆ లెక్క. చెప్పాలని నోరు తెరిచాను. చెబితే తండ్రిని కాచుకునే బిడ్డ మాటే అనుకుంటుంది, నా తల నిమిరి ఊరుకుంటుంది. ఒకవేళ నమ్మితే? ఇన్నేండ్లు ఆ ఎండిన గుండెలో మోసుకుని, ఊరి చివర నుంచి నడిచి తెచ్చి ఆయన మీద కప్పింది ఈ మాఫీనే కదా. దాన్ని నేను ఏ నోటితో వెనక్కి తీసుకోమంటాను? బాపు ముఖం గొంగడి అంచు నుంచి కనిపిస్తోంది, ఎవరితోనూ పేచీ లేని ముఖం. నేను వంగి బీరమ్మ కాళ్లకు మొక్కాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మనసుల పెట్టుకోకు బిడ్డా" అంది మళ్లీ.

"పెట్టుకోను అత్తా" అన్నాను.